అనూష థీసిస్ నా చేతుల మీదుగా పోయింది

నా పని

కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో అటెండర్‌గా చేరబోయే పిల్లలకు నేను కొన్ని మాటలు చెప్పాలి. చాయ్ తేవడం, గంట కొట్టడం, బోర్డు తుడవడం ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. వాటి గురించి చెప్పి మీ టైము పాడుచేయను. ఎంటెక్ చదివే పిల్లల థీసిస్ కాగితాలు మీ చేతికి వస్తాయి. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

నా పేరు సాయవ్వ. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మా ఆయన వాచ్‌మన్‌గా చేసేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. దినాలు అయిన వారానికి కాలేజీ వాళ్లు కబురు పెట్టి, ఆయన జాగాలో నన్ను తీసుకున్నారు. గేటు దగ్గర ఆడమనిషి ఎందుకని కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌లో వేశారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాను. ప్రైవేటు నౌకరి. ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి.

నేను రెండో తరగతి దాకే పోయాను. తెలుగు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తున్నది. మధ్యలో ఆపి, "ఇది గూడ రాయాల్నా అత్తమ్మా? మంది సదువుతే ఏమనుకుంటరు?" అని అడిగింది. రాయమన్నాను. ఏమన్నా అనుకోనీ.

కాళ్లతో నేర్చుకున్న చదువు

ఎంటెక్‌కు ఏమేం కావాలో సార్లు బోర్డు మీద రాస్తారు. నేను దాన్ని మెట్లు ఎక్కి దిగి నేర్చుకున్నాను.

మొదటి ఏడాది క్లాసులు, పరీక్షలు. అవి ఎట్లాగో అందరూ దాటుతారు. తర్వాత థీసిస్. పిల్ల గానీ పిల్లవాడు గానీ ఒక సార్‌ను గైడ్‌గా పట్టుకోవాలి. ఏం పని చేస్తారో ముగ్గురు సార్ల ముందు చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే మొదలు. మధ్యలో రెండుసార్లు మళ్లీ ఆ ముగ్గురి ముందే నిలబడి ఎంతవరకు వచ్చిందో చూపించాలి. అంతా రాశాక, స్ప్రింగు వేసిన కాపీ ఒకటి గైడ్ టేబుల్ మీద పెట్టాలి. గైడ్ చదివి ఎర్ర పెన్నుతో దిద్దాలి. దిద్దినవి సరిచేశాక కంప్యూటర్‌లో వేసి, ఎవరి దగ్గరనుంచైనా ఎత్తుకొచ్చి రాశారా అని చూస్తారు. అక్కడ గట్టెక్కితే గట్టి అట్టలు, బంగారు అక్షరాలు. గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ పెద్ద హెచ్చోడీ సంతకం, ప్రిన్సిపాల్ సంతకం. లైబ్రరీలో పుస్తకాలు లేవని, ల్యాబులో సామాను లేదని కాగితాలు. ఆఖరికి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ప్రశ్నలు అడుగుతాడు. దాన్ని వైవా అంటారు. అదీ దాటితే డిగ్రీ.

ఇదంతా చేరిన రోజు నుంచి నాలుగేళ్లలో అయిపోవాలి. ఒక్క రోజు దాటినా పేరు కొట్టేస్తారు. చదివిన చదువు, రాసిన పరీక్షలు ఎక్కడివక్కడే పోతాయి.

ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు ఆ కాగితం పోవాలంటే నా చెయ్యి తగలాల్సిందే. ఏ సార్ పొద్దున చాయ్ తాగాక సంతకం పెడతాడో, ఏ సార్ శుక్రవారం అయితే ఇంటికి పోయే తొందరలో చూడకుండానే పెడతాడో నాకు తెలుసు. పిల్లలకు కూడా తెలుసు. అందుకే, "సాయవ్వా, జర సూడరాదె" అంటూ నా చుట్టూ తిరిగేవాళ్లు. నాకు గొప్పగా ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా గొప్పగా ఉండేది.

పెద్దసార్

నేను చేరినప్పుడు ఉన్న హెచ్చోడీని అందరం పెద్దసార్ అనేవాళ్లం. ఆయన చదివేవాడు. ఒక్కో థీసిస్‌కు వారం పట్టేది. మిగతా సార్లకు ఆయనంటే చీదర.

ఒకసారి ఒక పిల్లవాడు బంగారు అక్షరాలు కొట్టించుకుని వచ్చి నిలబడ్డాడు. పెద్దసార్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంట్ల నీది ఏదిరా?" అని అడిగాడు.

"మొత్తం నాదే సార్."

"మొత్తం ఒద్దు తియ్యి. ఒక్క పేజీ సూపియ్యి, గిది నేనే చేసిన అని. సంతకం పెట్టి పంపుత."

పిల్లవాడు పేజీలు తిప్పాడు. నేను తెచ్చిన చాయ్ చల్లారింది. నేను ఇంకో చాయ్ తెచ్చాను. అదీ చల్లారింది. ఆర్నెల్లు వెనక్కి పంపాడు ఆ పిల్లవాణ్ణి. వాడు తిరిగొచ్చినప్పుడు మాత్రం పెద్దసార్ అడగకముందే పుస్తకం తెరిచి ఒక పటం మీద వేలు పెట్టాడు.

"కోపమొచ్చిందా నా మీద?" అన్నాడు పెద్దసార్.

"మస్తొచ్చింది సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ ఉంది సార్. జర తగ్గింది."

పెద్దసార్ అంతగా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

నన్నూ తిట్టాడు. ఒక పిల్ల, పాపం, ఊరికి పోయే బస్సు తప్పిపోతుందని ఏడుస్తున్నది. గైడ్ సార్ సెలవులో ఉన్నాడు. ప్రిన్సిపాల్ బయటికి పోయేలా ఉన్నాడు. నేను తెలివి చేసి, గైడ్ సంతకం లేకుండానే పేజీని ప్రిన్సిపాల్ దగ్గర పెట్టి సంతకం చేయించుకొచ్చాను. పెద్దసార్ ఆ పేజీని నా ముందే చించాడు.

"సాయవ్వా, గీ సంతకాలకు ఒక వరుస ఎందుకు పెట్టిండ్రో ఎర్కనా నీకు? ముందటోడు సదివిండని నమ్మి ఎనకటోడు పెడ్తడు. ముందటోడే లేకుంటె గిది వట్టి సిరా."

అప్పుడు తల ఊపాను. ఏం అర్థమైందో దేవుడికి తెలుసు. పెద్దసార్ రిటైరై పోయాక ఆ ముందటివాడు ఎవరూ లేకుండానే వరుసంతా నడిచింది. నేను ఏళ్లకేళ్లు ఆ వట్టి సిరానే మోశాను.

దుకాణాలు, భోజనాలు

తర్వాత వచ్చినవాడు మురళి సార్. హెచ్చోడీ కాదు, కానీ ఎంటెక్ పిల్లల్లో సగం మందికి ఆయనే గైడ్. మంచిగా మాట్లాడేవాడు. పండక్కి నాకు చీర పెట్టించాడు. ఒక్క థీసిస్ కూడా చదవలేదు. టేబుల్ మీద స్ప్రింగు కాపీలు గుట్టగా ఉండేవి. దుమ్ము దులిపేది నేనే గదా, ఏది కదిలిందో ఏది కదల్లేదో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కంఠేశ్వర్ దిక్కు ఒక గల్లీలో జిరాక్స్ దుకాణం ఉండేది. పైకి జిరాక్స్, లోపల ఇద్దరు ముగ్గురు కూర్చుని థీసిస్‌లు తయారుచేసేవాళ్లు. పిల్లలు పేరు, గైడ్ పేరు ఇచ్చి వచ్చేవాళ్లు. అన్నీ ఒకే తీరు పుస్తకాలు. మురళి సార్‌కు తెలుసు. పెద్దసార్ తర్వాతి హెచ్చోడీకి తెలుసు. నాకు తెలుసు.

వైవాకు వచ్చే బయటి పెద్దమనుషుల్లో ఒకాయన ఉండేవాడు. లోపలికి వస్తూనే, "ఏం సాయవ్వా, ఇయ్యాల కూర ఏంది?" అనేవాడు.

"అంకాపూర్ దేశీ కోడి సార్."

"అయితే జల్ది కానియ్యిండ్రి మరి."

అన్నం ఉడికేలోపు నలుగురు పిల్లల వైవా అయిపోయేది. మేమంతా నవ్వేవాళ్లం. ఇప్పుడు చెబుతుంటే నవ్వు రావడం లేదు.

చెరకు మీద చదువు

అనూష వాళ్లది బోధన్ పక్కన ఒక క్యాంపు. ఆంధ్ర నుంచి వచ్చి నిజాంసాగర్ కాల్వ కింద భూములు కొనుక్కున్న రైతులవి ఆ ఊళ్లు. వాళ్ల నాన్న సుబ్బారావు గారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది చెరకు తీసేసి వరి వేసినా, ఆయన మాత్రం రెండెకరాలు చెరకే పెట్టాడు.

ఆ పిల్ల పట్టుకున్న పని నాకు కూడా అర్థమైంది. చెరకు ఎప్పుడు కొట్టాలో రైతుకు తెలియాలి. తొందరపడితే తీపి ఉండదు, ఆలస్యమైతే తూకం పోతుంది. అనూష ఫోన్‌తో గడల ఫోటోలు తీసేది. ఆ ఫోటో తీసిన గడనే వాళ్ల నాన్న నరికి, రసం పిండి, రెండు చుక్కలు కొలత చూపించే ఒక చిన్న గొట్టం అద్దం మీద వేసి తీపి ఎంతో చెప్పేవాడు. పిల్ల దాన్ని నోటుపుస్తకంలో రాసేది. అట్లా వేల ఫోటోలు. తర్వాత కంప్యూటర్‌కు ఫోటో చూపిస్తే చాలు, తీపి ఎంతో అదే చెబుతుంది. చుట్టుపక్కల రైతులు కూడా వాళ్ల పొలాల్లో గడలు కొట్టుకోమన్నారు.

"మా నాన్న చేతులకి బొబ్బలు చూడు సాయవ్వా," అని ఫోన్‌లో చూపించింది ఒకరోజు. "ఎంటెక్ నాదా, ఆయనదా అని అడుగుతున్నారు ఊళ్లో."

"నీ డిగ్రీల సగం కోసి ఇయ్యి బిడ్డా మీ నాయనకు."

"సగం ఏంటి, ఫ్రేము కట్టించి ఆయన గదిలో గోడకే కొడతాను."

ఒక ఏడాది నీళ్లు ఆలస్యంగా వదిలారు. చెరకు గిడసబారింది. ఆ ఏడు తీసిన ఫోటోలు పనికి రాలేదు. మళ్లీ పంట పెరిగేదాకా ఆగాల్సి వచ్చింది. అట్లా గడువు కరిగిపోయింది. ఆఖరికి రాయడం ముగించి, స్ప్రింగు కాపీ మురళి సార్ టేబుల్ మీద నేనే పెట్టాను. అప్పటికి నాలుగేళ్లు నిండడానికి నాలుగు నెలలు ఉంది. ఎర్ర పెన్ను దిద్దుబాటు కోసం ఆ పిల్ల వారం వారం వచ్చేది.

"సదువుతున్న అమ్మా, సదువుతున్న," అనేవాడు సార్.

కాపీ మీద దుమ్ము నేను దులుపుతూనే ఉన్నాను.

నమూనా కాపీ

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అలవాటు ఉండేది. కొత్త పిల్లలు, "పుస్తకం ఎట్లుండాలె సాయవ్వా? మార్జిన్ ఎంత, పేజీ నంబరు ఏడేస్తరు?" అని అడిగితే, అల్మారాలోంచి ఒక పాత థీసిస్ తీసి ఇచ్చేదాన్ని. నమూనా కాపీ అనేవాళ్లం. పొద్దున తీసుకుని సాయంత్రం తెచ్చేవాళ్లు. రిజిస్టర్ లేదు, సంతకం లేదు. ఏళ్ల నుంచి అట్లాగే నడిచింది. అటెండర్ ఇస్తే ఇచ్చినట్టు.

వంశీ అనే పిల్లవాడు కూడా మురళి సార్ దగ్గరే థీసిస్. ఎక్కడో నౌకరి చేస్తూ అప్పుడప్పుడు వచ్చేవాడు. ఆ రోజు మధ్యాహ్నం వచ్చాడు. పాత థీసిస్‌లన్నీ లైబ్రరీకి పంపారు, అల్మారా ఖాళీ. సార్ క్లాసులో ఉన్నాడు.

"లెవ్వు బిడ్డా, అన్ని లైబ్రరీకి పోయినయి."

"గాడ సారు టేబుల్ మీద ఉన్నయిగా సాయవ్వా. ఒక్కటియ్యి. పేజీలు ఎట్ల పెట్టాల్నో సూస్కోని పొద్దుమీకి తెచ్చిస్త. నీ కాల్మొక్త."

నాకు ఇంగ్లీషు రాదు. అందులో ఏముందో నాకు తెలియదు. కానీ ఏది ఎవరిదో నాకు తెలుసు. పైన ఉన్నది అనూషది. పచ్చ అట్ట. నేను పెట్టిన చోటే ఉంది. అది పాతది కాదని, ఇంకా సంతకం కానిదని నాకు తెలుసు. తెలిసి తీసి ఇచ్చాను. "ఖరాబ్ చెయ్యకు, గా పిల్ల మస్తు కష్టపడ్డది," అని కూడా అన్నాను. ఇచ్చేటప్పుడు నేను అన్న మాట అది.

సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. ఎక్కడిదక్కడ పెట్టాను.

పదిహేను రోజులకు వంశీ థీసిస్ వచ్చింది. అనూషది అప్పటికింకా కంప్యూటర్‌లో వేయలేదు గనుక ఎక్కడా పట్టుబడలేదు. సంతకాలకు నేనే తిప్పాను. మురళి సార్ పెట్టాడు, హెచ్చోడీ పెట్టాడు, ప్రిన్సిపాల్ పెట్టాడు. కోడికూర పెద్దమనిషి వచ్చి వైవా చేసి పోయాడు. వాడు పాసయ్యాడు. స్వీటు డబ్బా తెచ్చి నాకే మొదట ఇచ్చాడు. తిన్నాను.

ఇంకో నెలకు మురళి సార్ అనూష కాపీ తిరిగి ఇచ్చాడు. ఒక్క ఎర్ర గీత లేదు. ఆ పిల్ల సంబరపడింది. "తప్పులే లేవంట సాయవ్వా!" అంది. కంప్యూటర్‌లో వేసి చూశారు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వంశీ థీసిస్‌లో ఉన్నదే ఉందని వచ్చింది.

నన్ను అడిగిన రోజు

విచారణ అన్నారు. హెచ్చోడీ, మురళి సార్, ఇంకో సార్. టేబుల్‌కు ఇటు పక్క అనూష, వాళ్ల నాన్న. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

వంశీ ఆ కాపీని కంఠేశ్వర్ జిరాక్స్ దుకాణంలో ఇస్తే, వాళ్లు చేసింది ఇంతే. అనూష రాసినదంతా ఉంచి, చెరకు అన్న చోటల్లా మొక్కజొన్న అని మార్చారు. బోధన్ తీసేసి బాల్కొండ పెట్టారు.

అనూష వంశీ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. "సార్, ఇక్కడ చూడండి సార్. మొక్కజొన్న గడలు నరికి రసం పిండి తీపి కొలిచామని రాశారు. మొక్కజొన్నకి రసం తీస్తారా సార్ ఎక్కడన్నా?"

మూడో సార్ ఫక్కున నవ్వాడు. మిగతా ఇద్దరి మొహాలు చూసి ఆపేశాడు.

"నా నోటుపుస్తకం ఉంది సార్. ఫోటోల మీద తేదీలున్నాయి. మధ్యలో రెండుసార్లు సార్ల ముందే చూపించాను."

"తేదీలు మార్చుకోవచ్చమ్మా," అన్నాడు హెచ్చోడీ. "చూపించింది కాదు, ముందు ఎవరు సబ్మిట్ చేసిండ్రో అదే లెక్క."

సుబ్బారావు గారు లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఆ గడలు నేను నరికిచ్చాను. రండి, చేను చూపిస్తాను."

"చేను గురించి కాదండి పెద్దాయనా. రాసిన మాటల గురించి."

ఆ గదిలో ఉన్న అందరికీ నిజం తెలిసిపోయింది. నేను ప్రమాణం చేసి చెబుతాను. మొక్కజొన్న రసం దగ్గరే తెలిసిపోయింది. కానీ ఆ మొక్కజొన్న పుస్తకం మీద వాళ్ల సంతకాలు ఉన్నాయి. అది తప్పంటే చదవకుండా పెట్టామని ఒప్పుకోవాలి. కాబట్టి ఇంకొక ప్రశ్న మిగిలింది. అనూష కాపీ సార్ టేబుల్ దాటి బయటికి పోయిందా?

"నా టేబుల్ మీద కాయిదం ఎవ్వరు ముట్టరు," అన్నాడు మురళి సార్. నా వైపు తిరిగాడు. "ఏం సాయవ్వా, నువ్వేమన్న తీసి ఎవలకన్న ఇచ్చినవా?"

ముందు రోజే ఆయన నన్ను కారిడార్‌లో ఆపాడు. "ఎన్ని నెలలుంది నీకు రిటైర్‌మెంట్? మంచిగా పో సాయవ్వా. ఆఖర్ల పరేషాన్ తెచ్చుకోకు," అన్నాడు. అంతే అన్నాడు. బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరం లేని మనిషిని నేను.

అనూష నన్నే చూస్తున్నది.

"నాకేం ఎర్క సార్," అన్నాను. "నాకు ఇంగ్లీషు రాదు. ఏది ఎవలదో నాకెట్ల తెలుస్తది?"

నా చదువులేనితనానికి జీవితమంతా సిగ్గుపడ్డాను. ఆ ఒక్కరోజు దాని వెనక దాక్కున్నాను. కాపీ బయటికి పోయినట్టు ఆధారం లేదని రాసుకున్నారు. అనూష కొత్త విషయం తీసుకుని మొదటి నుంచి చేయాలన్నారు. మూడు నెలలు కూడా లేదు. చెరకు ఎదగడానికే ఏడాది కావాలి. గడువు నిండింది. పేరు కొట్టేశారు. మొదటి ఏడాది మార్కుల కాగితాలు చేతిలో పెట్టి పంపారు. ఆ కవరు కూడా నా చేత్తోనే ఇప్పించారు.

కొత్తగా వచ్చేవాళ్లకు

నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. మురళి సార్ మాట్లాడుతూ, సాయవ్వ నమ్మకమైన మనిషి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మీరు ఇంగ్లీషు నేర్చుకోండి. కనీసం పేర్లు చదవడం నేర్చుకోండి. ఎవరి కాగితమైనా వాళ్ల చేతికి తప్ప ఇంకొకరికి ఇవ్వకండి. ఎంత బతిమాలినా, మీ కాళ్లు పట్టుకున్నా. రిజిస్టర్ పెట్టమని అడగండి, నవ్వుతారు, అయినా అడగండి. ఇవన్నీ చేసినా లాభం ఉంటుందని నేను చెప్పను. చదవాల్సిన సార్లు చదవనప్పుడు అటెండర్ ఎంత జాగ్రత్తగా ఉంటే ఏం? కానీ నా దాకా వచ్చిన తప్పు నాది. నేను తప్పు చేసిన రోజు కన్నా, నన్ను అడిగిన రోజు పెద్దది.

రాసి ఇచ్చిన కాగితం

రిటైరైన ఏడాదికి అనూష వాళ్ల ఊరికి పోయాను. ఆ పిల్ల బోధన్‌లో ఒక బడిలో చిన్నపిల్లలకు కంప్యూటర్ చెబుతున్నది. పొలంలో చెరకు లేదు. అంతా వరే. నేను అరుగు మీద కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా చెప్పేశాను.

"నేనే ఇచ్చిన బిడ్డా. నీ కాపీ వంశీకి నేనే తీసిచ్చిన."

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "నాకు తెలుసు సాయవ్వా," అంది. "ఆ రోజు మీ మొహం చూశాను గదా. వారం రోజులు ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను, మీరు చేస్తారేమోనని."

నేను ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు.

"రాసి ఇస్తారా?" అంది. "కాలేజీలో ఇద్దురుగాని. నాకు ఏమన్నా వస్తుందని కాదు."

మా కోడలితో రాయించాను. ఏ రోజు, ఎవరికి, ఎట్లా ఇచ్చానో, విచారణలో ఎట్లా అబద్ధమాడానో అంతా. కింద నా పేరు నేనే రాశాను. కాలేజీకి పోయాను. మురళి సార్ ఇంకో కాలేజీకి పోయాడట. కొత్త హెచ్చోడీ నిదానంగా చదివాడు. మంచి మనిషి లాగే ఉన్నాడు.

"నిజమే కావచ్చు అవ్వా," అన్నాడు. "కానీ అమ్మాయి గడువు ముగిసింది. పేరు లేని స్టూడెంట్ మీద ఫైలు తెరవడానికి రూలు లేదు. ఆ అబ్బాయి డిగ్రీ యూనివర్సిటీ ఇచ్చేసింది. నేనేం చెయ్యలేను."

"తీస్కోండి సార్. ఏం చెయ్యకున్నా తీస్కోండి."

తీసుకున్నాడు. జిరాక్స్ మీద అందినట్టు ముద్ర కొట్టించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఆ జిరాక్స్ పట్టుకుని మళ్లీ బోధన్ బస్సెక్కాను. సుబ్బారావు గారు వరండాలో కుర్చీలో ఉన్నాడు. ముందు కన్నా చిక్కిపోయాడు. అనూష బడికి పోవడానికి తయారై ఉంది. కాగితం తీసుకుని, నిలబడే, వాళ్ల నాన్నకు పైకి చదివింది. తొందరపడకుండా, మాట మాటకు ఆగుతూ, పాఠం చెప్పినట్టు చదివింది.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడాయన.

మళ్లీ చదివింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ రోజు చెబితే నీ ఉద్యోగం తీసేసేవాళ్లా అమ్మా?"

"తీసేటోళ్లేమో అన్నా. తెల్వది."

ఆయన తల ఊపాడు. నా మీద కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"ఆ సార్లు అంత గట్టిగా చెప్పేసరికి నేను కూడా అడిగాను దీన్ని," అన్నాడు. "ఇంటికొచ్చాక. 'నిజం చెప్పు తల్లీ, ఎక్కడన్నా చూసి రాశావా?' అని. ఆ చెరుకు నా చేత్తో నరికినోణ్ణి. రసం పిండినోణ్ణి. నేను అడిగానమ్మా."

అనూష కాగితాన్ని మడిచి ఆయన ఒళ్లో పెట్టింది. "బస్సు టైమైంది నాన్నా," అని చెప్పులు వేసుకుని, మా ఇద్దరి వైపు చూడకుండా గేటు తీసుకుని పోయింది.